ఎక్స్‌టర్నల్ రాకముందు

ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోవడానికి పెట్టుకున్న సభలో పరీక్షల గురించి మాట్లాడటం కాస్త చిలిపి పనే. ఆయనకూ పరీక్షలకూ ఎప్పుడూ పొసగలేదు. 1895లో భీమవరంలో పుట్టి, మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్లో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఉండగా గాంధీగారి పిలుపందుకుని సర్జరీకి వేసుకునే గౌను కూడా ఖద్దరుదే తొడుక్కున్నారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది కంటగింపయింది. రాతపరీక్షలు బాగా రాసిన ఆ విద్యార్థికి చివరికి దక్కింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటే ఒక మెట్టు కిందిదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్.

ఆ సర్టిఫికెట్‌తోనే 1922లో ఆయన అమెరికా చేరారు. ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి 1925లో వచ్చింది. కండరాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని గుర్తించిన వారిలో ఆయనొకరు. తర్వాత లెడర్లీ సంస్థలో ఆయన ఆధ్వర్యంలో తయారైన మందుల్లో ఫైలేరియాకు వాడే హెట్రజాన్ ఒకటి. ఇవాళ సర్జరీ ప్రాక్టికల్‌లో బోదకాలు షార్ట్ కేసుగా పడిన విద్యార్థిని ‘ఏం మందిస్తావు?’ అని ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగితే, తడుముకోకుండా ‘డి.ఇ.సి. సార్’ అంటాడు. డి.ఇ.సి. అంటే ఆ హెట్రజానే. ఆ మందు వెనక ఉన్న మనిషికి మెడికల్ కాలేజీ పూర్తి డిగ్రీ ఇవ్వలేదన్న సంగతి అడిగినాయనకూ తెలియకపోవచ్చు, చెప్పినవాడికీ తెలియకపోవచ్చు.

మన నేలతో ముడిపడిన మరో పేరు రొనాల్డ్ రాస్. 1879లో సర్జన్ల కాలేజీ పరీక్ష గట్టెక్కినా, అపోతికరీస్ సొసైటీ లైసెన్సు మాత్రం మొదటి ప్రయత్నంలో చేతికందలేదు. ఓడలో డాక్టరుగా పనిచేసి, మళ్లీ కూర్చుని 1881లో దాన్ని సంపాదించుకున్నాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నది ఈయనే. 1902లో నోబెల్ వచ్చింది.

ఈ రెండు కథలనూ ఫెయిలైన పిల్లలకు ఓదార్పుగా చెబుతుంటారు. అందులో పస లేదు. సప్లీ రాసిన ప్రతివాడూ రాస్ కాడు. ఫస్టు క్లాసు వచ్చిన ప్రతివాడూ పనికిరాని డాక్టరూ కాడు. ఈ కథల్లోంచి తీసుకోవలసింది వేరే ఉంది. కాగితం మీద పరీక్ష ఒకదాన్ని కొలుస్తుంది, మంచం పక్కన పరీక్ష ఇంకొకదాన్ని కొలుస్తుంది. రెండో చోట, ఎవరు కొలుస్తున్నారన్న దాన్నిబట్టి కూడా కొలత మారుతుంది. ఎం.బి.బి.ఎస్. విద్యార్థికి నిద్ర పట్టనివ్వని విషయం ఇదే.

చదువు నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. 2019లో సామర్థ్య ఆధారిత పాఠ్యక్రమం వచ్చాక కూడా పరీక్ష మౌలిక స్వరూపం మారలేదు: థియరీ ఒకవైపు, ప్రాక్టికల్-వైవా ఒకవైపు, రెండింటికీ విడివిడిగా కనీస మార్కులు. థియరీలో ఎన్ని వచ్చినా ప్రాక్టికల్‌లో పోతే ఆ సబ్జెక్టు పోయినట్టే. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయం ఈ పరీక్షలు నడుపుతున్నాయి. జవాబుపత్రం ఎవరు దిద్దుతారో విద్యార్థికి తెలియదు. వైవా టేబులు అవతల కూర్చున్న మనిషి మాత్రం ముఖాముఖి కనిపిస్తాడు.

రాతపరీక్ష సంగతి తొందరగా తేల్చేయవచ్చు. దానికి మందు తెలిసిందే, మింగడమే కష్టం. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. విద్యార్థుల్లో ఒక గుంపు ఒక పాఠాన్ని నాలుగు విడతలూ చదువుతూనే ఉంది. ఇంకో గుంపు ఒక విడత చదివి, మిగతా మూడు విడతలూ పుస్తకం చూడకుండా గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తారుమారైంది: చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంది, రాసి చూసుకున్నవాళ్లకు 61 శాతం. పైగా చదివిన గుంపే తమకు బాగా గుర్తుంటుందన్న ధీమాతో ఉంది.

ఏ మెన్స్ హాస్టల్‌కైనా, ఏ లేడీస్ హాస్టల్‌కైనా పరీక్షల ముందు వెళ్లి చూస్తే మొదటి గుంపే కనిపిస్తుంది. పేజీ నిండా హైలైటర్ పసుపు, ఆకుపచ్చ, గులాబీ. హారిసన్ రెండు సంపుటాలు మంచం కింద, సీనియర్ల నోట్సు జిరాక్సులు మంచం మీద. చదివిందే చదవడంలో ఒక హాయి ఉంది: ప్రతి లైనూ తెలిసినట్టే అనిపిస్తుంది. అదే పుస్తకం మూసి, తెల్లకాగితం మీద ‘నెఫ్రోటిక్ సిండ్రోమ్’ అని హెడ్డింగు పెట్టి పది నిమిషాలు రాయమంటే చేయి ఆగిపోతుంది. అలా ఆగిపోయిన చోటే చదవాల్సింది. ఈ పని రోజుకు రెండు ప్రశ్నలకు చేసినవాడికి పరీక్ష హాలులో కొత్తగా ఏమీ జరగదు.

మరో రోగం టైము. మూడు గంటల పేపర్లో మొదటి పెద్ద ప్రశ్నకే గంటంపావు తినేసి, చివర్లో షార్ట్ నోట్సుకు రెండేసి వాక్యాలు విదిలించి బయటికొచ్చేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వాళ్లకు చదువు రాక కాదు. గడియారం ముందు కూర్చుని ఒక్క పాత పేపరైనా మొదటినుంచి చివరిదాకా రాసి చూసుకోలేదు, అంతే. రాతపరీక్ష గురించి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

చెప్పాల్సింది అంతా వార్డులో ఉంది.

ఫైనలియర్ మెడిసిన్ ప్రాక్టికల్ రోజు పెద్దాసుపత్రి వార్డు పెళ్లిచూపుల ఇంటిలా ఉంటుంది. ఇస్త్రీ నలగని యాప్రన్లు, ఎన్నడూ లేనంత తెల్లగా దుప్పట్లు, సిస్టర్ల హడావుడి. యాప్రన్ జేబుల్లో టార్చి, టేపు, నీ హామర్, ట్యూనింగ్ ఫోర్కు, దూది, అరికాలి మీద గీయడానికి తాళంచెవి. అంతకుముందు రోజు రాత్రికే బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో వదంతులు తిరిగి ఉంటాయి: ఫలానా మంచం తాతకు స్ప్లీన్ పెరిగిందట, కిటికీ పక్కనామెకు ప్లూరల్ ఎఫ్యూజనట, వచ్చే ఎక్స్‌టర్నల్‌కు న్యూరాలజీ అంటే ప్రాణమట. ఇందులో సగం అబద్ధం. మిగతా సగం నిజమైనా ఉపయోగపడదు, ఎందుకంటే ఎవరికి ఏ కేసు పడుతుందో అప్పటికప్పుడు తేలుతుంది.

లాంగ్ కేసుగా తరచు పడేది రుమాటిక్ గుండె జబ్బు, అందులోనూ మైట్రల్ స్టెనోసిస్. నడివయసు పల్లెటూరి ఆడమనిషి మంచం మీద కూర్చుని ఉంది అనుకుందాం. విద్యార్థి మొదటి ప్రశ్న: ‘ఎన్ని మెట్లెక్కితే ఆయాసం వస్తుందమ్మా?’ ఆమె బిక్కముఖం వేస్తుంది. వాళ్ల ఇంటికి మెట్లు లేవు. పుస్తకంలో మెట్లున్నాయి కాబట్టి ఇతను అడిగాడు. ‘నీళ్ల బిందె మోసుకొస్తే ఆయాసం వస్తుందా? పొలం గట్టు మీద నడుస్తుంటే మధ్యలో ఆగాలా? వెల్లకిలా పడుకోగలవా, తలకింద ఎన్ని దిళ్లు పెట్టుకుంటావు?’ అని అడిగి ఉంటే ఒకటిన్నర నిమిషంలో జబ్బు ఎంత ముదిరిందో తేలిపోయేది. చిన్నప్పుడు కీళ్లవాపులతో జ్వరం వచ్చిందా అని అడిగితే గుర్తు లేదంటుంది. ‘ఇరవయ్యొక్క రోజులకోసారి ఇంజెక్షన్ చేయించుకునేదానివా?’ అంటే ‘ఆఁ, ఆ సూదా, పెళ్లయ్యేదాకా వేయించారు, తర్వాత మానేశా’ అని టక్కున చెబుతుంది. రోగనిర్ణయం ఆ ఒక్క వాక్యంలో ఉంది.

తెలుగు రాష్ట్రాల పిల్లలకు కూడా ఈ తెలుగు చదువుకుంటేనే వస్తుంది. కార్పొరేట్ కాలేజీ గదిలో రెండేళ్లు బయటి ప్రపంచం చూడకుండా నీట్ రాసి వచ్చిన అమ్మాయికి ‘కడుపులో దేవినట్టుంది’ అంటే ఏమిటో, ‘కాళ్లు లాగుతున్నాయి’ అంటే ఏమిటో వార్డుకు వచ్చాకే తెలుస్తుంది. ఆలిండియా కోటా 15 శాతం సీట్లలో రాజస్థాన్ నుంచో కేరళ నుంచో వచ్చినవాళ్ల అవస్థ చెప్పనలవి కాదు. పాఠ్యక్రమంలో ఫౌండేషన్ కోర్సు పెట్టి స్థానిక భాష నేర్పమన్నారు. దాన్ని సీరియస్‌గా తీసుకున్న కాలేజీ విద్యార్థికి హిస్టరీ దగ్గరే సగం భయం పోతుంది.

ఇక గుండె వినడం. మైట్రల్ స్టెనోసిస్ మర్మర్ మందమైన, లోతైన శబ్దం. రోగిని ఎడమ పక్కకు తిప్పి, ఊపిరి వదిలి ఆపమని, స్టెత్ ‘బెల్’ను గుండె కొన మీద తేలిగ్గా ఆనిస్తేనే వినబడుతుంది. గట్టిగా నొక్కితే కింద చర్మం బిగుసుకుని బెల్ కాస్తా డయాఫ్రమ్‌లా పనిచేస్తుంది, లోతైన శబ్దం మాయమవుతుంది. భయపడ్డ చేయి ఏం చేస్తుంది? నొక్కుతుంది. ఏమీ వినబడకపోయేసరికి ఇంకా నొక్కుతుంది. జబ్బు అక్కడే ఉంది, చెవులు బాగానే ఉన్నాయి, వేళ్లు మోసం చేశాయి. కడుపు పరీక్షలోనూ అంతే. కంగారుకు చల్లబడ్డ చేయి తగలగానే రోగి పొట్ట బిగపడుతుంది, అందాల్సిన లివర్ అందదు. పైగా విద్యార్థి కళ్లు రోగి ముఖం మీద ఉండాల్సింది, గుమ్మం వైపు ఉంటాయి, ఎక్స్‌టర్నల్ వస్తున్నాడేమోనని. నొప్పి పుట్టినప్పుడు ఆమె ముఖం చిట్లించింది. అతను చూడలేదు.

అంటే పరీక్ష భయం మార్కులను తగ్గించడంతో ఆగదు, లక్షణాన్నే మాయం చేస్తుంది. ‘ధైర్యంగా ఉండు నాన్నా’ అని తండ్రి ఫోన్లో చెప్పినంత మాత్రాన వేళ్లు తేలికపడవు. వేళ్లకు ధైర్యం అలవాటు వల్లే వస్తుంది.

ఇక్కడ రోగుల గురించి ఒక మాట. ప్రాక్టికల్స్‌కు పిలిపించే పాత రోగులకు తమ జబ్బు పేరు ఇంగ్లీషులో తెలుసు. పొద్దుటినుంచి ఆరుగురు పిల్లలు గుండె మీద స్టెత్ పెట్టి వెళ్లాక ఏడోవాడు వణుకుతూ వస్తే, ‘వాల్వు సన్నబడిందంట బాబూ, ఎడమ పక్కకు తిరగమంటావా?’ అని ఆమే అడుగుతుంది. ఆ దయకు ఏ యూనివర్సిటీ మార్కులు వేయదు. ఆమెకు కాఫీ, టిఫిన్ అందాయా, కప్పుకోవడానికి దుప్పటి ఉందా, మధ్యలో కాసేపు పడుకోనిచ్చారా అన్నది ఆ కాలేజీ సంస్కారం. విద్యార్థికి మాత్రం ఇందులో చిక్కు ఉంది. రోగి చెప్పిన పేరు పట్టుకుని, వినబడని మర్మర్‌ను విన్నానని చెబితే రెండో ప్రశ్నకే దొరికిపోతాడు: ‘ఎక్కడ? ఏ దశలో? ఊపిరి పీలిస్తే ఏమవుతుంది?’ ‘వినబడలేదు సార్, ఎడమ పక్కకు తిప్పి మళ్లీ వింటాను’ అన్నవాణ్ని కసిరే ఎగ్జామినర్లు ఉంటారు, కాదనలేం. కానీ మంచి ఎగ్జామినర్ ఆ మాటకు తలెత్తి చూస్తాడు. తెలియనిది తెలియదని చెప్పగల డాక్టరు ఎంత అరుదో ఆయనకు తెలుసు.

మంచం పక్కన పరీక్ష పెట్టడం అనే ఆలోచన పెద్ద పాతదేం కాదు. 1842లో జార్జ్ పేజెట్ పట్టుబట్టి కేంబ్రిడ్జ్‌లో దాన్ని ప్రవేశపెట్టించాడు. అంతకుముందు అక్కడ రోగిని ముట్టుకోకుండానే డిగ్రీ పుచ్చుకునేవారు. ఆయన పెట్టించిన పరీక్ష వారసత్వమే మన లాంగ్ కేసు. మంచిదే, అసలు వైద్యానికి అంత దగ్గరగా ఉండే పరీక్ష ఇంకొకటి లేదు. చిక్కల్లా ఒక్కటే: అది ఒక్క కేసు. ఎల్‌స్టైన్, షుల్మన్, స్ప్రాఫ్కా 1978లో తెచ్చిన పుస్తకంలో ఒక ఇబ్బందికరమైన నిజం బయటపెట్టారు. ఒక కేసును బ్రహ్మాండంగా విప్పిన డాక్టరు పక్క కేసునూ అలాగే విప్పుతాడన్న భరోసా లేదు. అంటే ‘మంచి కేసు పడింది, బతికిపోయాను’ అని పిల్లలు చెప్పుకునే మాటలో శాస్త్రం ఉంది. ఒక్క రోగిని, ఒక్క ఎగ్జామినర్‌ను చూసి ఒక మనిషి వైద్యం తెలిసినవాడా కాదా అని తీర్పు చెప్పడంలో అదృష్టానికి చాలా చోటుంది.

దీనికి విరుగుడుగా డండీలో రొనాల్డ్ హార్డెన్, ఆయన సహచరులు 1975లో ఆస్కీ పద్ధతిని ప్రకటించారు. వరసగా స్టేషన్లు, గంట మోగగానే ఒకదాంట్లోంచి ఇంకొకదాంట్లోకి, ఒకచోట బీపీ చూడాలి, ఒకచోట ఎక్స్‌రే చదవాలి, ఒకచోట రోగితో మాట్లాడాలి, అందరికీ అవే ప్రశ్నలు, అవే చెక్‌లిస్టులు. అంతకు ముందే, 1963లో లాస్ ఏంజెలిస్‌లో హోవర్డ్ బారోస్ అనే న్యూరాలజిస్టు ఒక ఆర్టిస్టు మోడల్‌కు జబ్బు మనిషిలా నటించడం నేర్పి విద్యార్థుల ముందు కూర్చోబెట్టాడు. ఈ రెండూ కలిసి ప్రపంచమంతా పాకాయి.

తెలుగు డాక్టర్లకు ఇవి కొత్త కాదు. ఇంగ్లండులో పనిచేయాలంటే మాంచెస్టర్‌లో ప్లాబ్ రెండో భాగం రాయాలి. స్టేషన్‌కు ఎనిమిది నిమిషాలు. గుంటూరు నుంచో కర్నూలు నుంచో వెళ్లిన కుర్రవాడు అద్దెగదిలో ముగ్గురితో కలిసి సాధన చేస్తాడు: ఒకరు డాక్టరు, ఒకరు రోగి, ఒకరు చేతిలో ఫోను గడియారంతో ఎగ్జామినర్. జబ్బు వాళ్లకు మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. తప్పేదెక్కడంటే, ఎదుట ఉన్న నటి కన్నీళ్లు పెట్టుకుంటే మందు పేరు చెబుతూనే పోతారు. ఒక్క క్షణం ఆగి ‘చెప్పండమ్మా’ అనడం వాళ్లకు ఎవరూ నేర్పలేదు, నేర్పితే నెలలో వచ్చేస్తుంది. అమెరికాలో ఇలాంటి పరీక్షే ఉండేది, స్టెప్ 2 సి.ఎస్. అని. 2020 మార్చిలో కరోనా వల్ల ఆగి, 2021 జనవరిలో పూర్తిగా రద్దయింది.

మన దగ్గర పరిస్థితి ఇంకా విచిత్రం. ఫిలిప్పీన్స్‌లో, జార్జియాలో, కిర్గిజ్‌స్థాన్‌లో చదివొచ్చిన మన పిల్లలు రాసే ఎఫ్.ఎం.జి.ఇ.లో 300 ప్రశ్నలు, పాసవడానికి 150 మార్కులు. రోగి ఊసే లేదు. ఇటీవలి విడతల్లో పాసయ్యేవాళ్లు మూడోవంతు కూడా దాటడం లేదు. నీట్ పీజీ కూడా 200 ప్రశ్నల పరీక్షే, రోగి అక్కడా లేడు. 2019 చట్టంలో రాసుకున్న నెక్స్ట్ పరీక్షలో ప్రాక్టికల్ మెట్టు ఉంటుందన్నారు. 2023 జులైలో దాన్ని వాయిదా వేశారు. ఫలితం ఏ టీచింగ్ ఆసుపత్రిలో చూసినా కనబడుతుంది. ఫైనలియర్ పిల్లలు పోస్టింగ్‌లో హాజరు వేయించుకుని లైబ్రరీకి వెళ్లి ఫోన్లో ప్రశ్నల బ్యాంకు తెరుస్తారు. వాళ్లను తిట్టి లాభం లేదు, పీజీ సీటు అక్కడుంది. కానీ వార్డు ఖాళీ అవుతోంది. ఆ ఖాళీ అయిన వార్డులోకే ప్రాక్టికల్ రోజున వణుకుతూ తిరిగొస్తున్నారు.

1990లో జార్జ్ మిల్లర్ అనే అమెరికన్ విద్యావేత్త వైద్యవిద్యను నాలుగు అంతస్తుల పిరమిడ్‌గా గీశాడు: తెలుసు, ఎలా చేయాలో తెలుసు, చేసి చూపగలడు, నిజంగా చేస్తాడు. మన చదువు మొదటి రెండంతస్తుల్లో సంవత్సరాలు గడిపి, మూడో అంతస్తుకు పరీక్ష రోజు పొద్దున మొదటిసారి ఎక్కుతుంది. అసలు సమస్య ఇదే. పరీక్ష దాకా ఆ విద్యార్థి ఒక రోగిని మొదటినుంచి చివరిదాకా పరీక్షించడం ఏ అధ్యాపకుడూ కళ్లారా చూసి ఉండడు. క్లినిక్‌లో పదిహేనుమంది మంచం చుట్టూ మూగుతారు, ఒకడు కేసు చెబుతాడు, సారు నాలుగు ప్రశ్నలడుగుతారు, వెనక వరుస వాళ్లకు రోగి కాళ్లు మాత్రం కనిపిస్తాయి. ఆ కాళ్లు చూసినవాడే రేపు ఎక్స్‌టర్నల్ ముందు నిలబడతాడు. అతను బెల్‌ను గట్టిగా నొక్కుతున్నాడని నాలుగున్నరేళ్లలో ఎవరైనా చెప్పారా? చెప్పడానికి ఎవరైనా చూశారా?

సీట్లు పెరిగాయి, గత పదేళ్లలో దేశంలో ఎం.బి.బి.ఎస్. సీట్లు రెట్టింపు దాటాయి, అధ్యాపకులు ఆ లెక్కన పెరగలేదు అంటారు. నిజమే. కానీ ఇది లక్షలు పోసి సిమ్యులేషన్ ల్యాబ్ కడితే తప్ప కాని పని కాదు. 1995లో జాన్ నార్సినీ, ఆయన బృందం మినీ-సెక్స్ అనే చిన్న పద్ధతి చెప్పారు. అధ్యాపకుడు పక్కన నిలబడతాడు, విద్యార్థి ఒక రోగితో పదిహేను ఇరవై నిమిషాలు పనిచేస్తాడు, తర్వాత ఐదు నిమిషాలు మాట్లాడుకుంటారు. అంతే. దానికి కావలసింది ఒక కుర్చీ, ఒక కాగితం, నోరు మూసుకుని చూడగల ఓపిక. మూడోది మన ప్రొఫెసర్లకు కష్టమే అనుకోండి.

అధ్యాపకులు చేసేదాకా విద్యార్థులు ఊరికే కూర్చోనక్కర్లేదు. ఇద్దరిద్దరు జట్టు కట్టి, సాయంత్రం ఆరు తర్వాత, రోగి అనుమతి అడిగి, ఒకరు పరీక్షించడం, ఒకరు చూడటం. తర్వాత పైకి గట్టిగా, ఇంగ్లీషులో, కేసు చెప్పడం. మనసులో చెప్పుకోవడం వేరు, నోటితో చెప్పడం వేరు. తెలుగు మీడియంలో పదో తరగతి చదివి వచ్చిన పిల్లలకు జవాబు తెలిసీ వైవాలో నోరు పెగలకపోవడం అందరూ చూసిందే. దాన్ని ఎగ్జామినర్ అజ్ఞానం కింద జమకడతాడు. రోజుకో కేసు పైకి చెప్పినవాడి వాక్యాలు నెల తిరిగేసరికి వాటంతటవే వరసలో పడతాయి. పీజీలను బతిమాలి ఒక్కసారి ఎగ్జామినర్‌లా కూర్చోమంటే కాదనరు. వాళ్లూ మొన్నటిదాకా ఇక్కడే వణికినవాళ్లు. ఇక ముందురోజు రాత్రి నైట్ అవుట్ చేయడం రాతపరీక్షకే దండగ, ప్రాక్టికల్‌కైతే చెరుపు. నిద్ర లేని చెవికి మర్మర్ దొరకదు.

ఇంతా చేశాక కూడా కొందరు ఫెయిలవుతారు. ఆ మాట దాచడం వల్లే ఎక్కువ హాని జరుగుతోంది. ఊళ్లో అప్పటికే ‘డాక్టరమ్మ’ అని పిలుపు మొదలై ఉంటుంది. ఒక సబ్జెక్టు పోతే అది ఇంట్లో చెప్పరు, బ్యాచ్ ముందుకెళ్లిపోతే మెస్సుకు రావడం మానేస్తారు, గది తలుపు తీయరు. 2016లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక సమీక్ష అనేక దేశాల అధ్యయనాలను కలిపి లెక్క తీస్తే వైద్య విద్యార్థుల్లో 27.2 శాతం మందిలో డిప్రెషన్ గానీ దాని లక్షణాలు గానీ కనిపించాయి. వాళ్లలో వైద్యసాయం కోరినవాళ్లు 15.7 శాతం మాత్రమే. ఇతరుల మనసుకు మందు రాయడం నేర్చుకుంటున్నవాళ్ల లెక్క ఇది. సప్లీ అంటే కొన్ని నెలల ఆలస్యం, అంతకుమించి ఏమీ కాదు. ఆ మాట రిజల్టు వచ్చిన సాయంత్రమే, ఆ విద్యార్థి గదికి వెళ్లి, మెంటర్‌గా పేరు రాయించుకున్న అధ్యాపకుడు చెప్పాలి. నోటీసు బోర్డు చెప్పకూడదు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి-మానస్‌కు 14416 నంబరు మీద ఏ వేళలోనైనా, తెలుగులోనే, డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడవచ్చు. ఆ నంబరు ప్రతి హాస్టల్ గోడ మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఎగ్జామినర్లుగా వెళ్లేవారికి కూడా ఒక మాట చెప్పాలి. మొదటి ప్రశ్న విద్యార్థికి తెలిసేది అడగండి. అది జాలి కాదు, కొలతకు మంచిది; గొంతు ఎండిపోయిన మనిషి దగ్గర జ్ఞానాన్ని కొలవలేరు. రోగి ముందు విద్యార్థిని అవమానించకండి. ఆమె రేపు అతని దగ్గరికే వైద్యానికి రావచ్చు. బట్టలనుబట్టి, యాసనుబట్టి, పేరునుబట్టి పడే మార్కులు ఎలాంటివో సుబ్బారావు గారి ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ చెబుతోంది.

ఈ సభలో ఉన్న మెడిసిన్, సర్జరీ, గైనిక్, పీడియాట్రిక్స్ అధ్యాపకులకు ఒకటే విన్నపం. వచ్చే సోమవారం నుంచి మీ యూనిట్‌లో వారానికి ఇద్దరు విద్యార్థుల పేర్లు బోర్డు మీద రాయండి. ఒక్కొక్కరు ఒక్కో రోగిని పరీక్షిస్తుంటే ఇరవై నిమిషాలు పక్కన నిలబడి చూడండి. మధ్యలో మాట్లాడకండి. అయిపోయాక, బాగా చేసిందొకటి, సరిదిద్దుకోవాల్సిందొకటి చెప్పండి. ఎక్స్‌టర్నల్ వచ్చేలోపు ఫైనలియర్‌లో ప్రతి ఒక్కరినీ కనీసం ఒక్కసారైనా మీరే చూసి ఉండాలి.